ఫ్రాన్స్ పల్లెల్లో లారీలు లేని రోడ్డు పట్టుకోవడం ఎలా?

వేసవి దగ్గర పడుతుంటే నాకు వచ్చే ప్రశ్న ఒకటే, అడిగేవాళ్లే మారుతుంటారు. టూలూజ్‌లో చదువుకుంటున్న కుర్రాళ్లు అడుగుతారు. లియాన్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్న దంపతులు అడుగుతారు. నాలుగేళ్లకోసారి పారిస్–బ్రెస్ట్–పారిస్ 1200 కిలోమీటర్ల సైకిల్ సవారీకి వచ్చే మన హైదరాబాద్ ర్యాండనీర్లు, అంటే సైకిల్ మీద సుదూరాలు తొక్కేవాళ్లు, అది ముగిశాక వారం రోజులు తీరిగ్గా తిరగాలనుకుని అడుగుతారు. "ఫ్రాన్స్‌లో ఊళ్ల మధ్య రోడ్లు ఖాళీగా ఉంటాయంటారు కదా, మేము సైకిల్ మీద వెళితే లారీలే కనిపించాయి. ఆ ఖాళీ రోడ్లు ఎక్కడున్నాయండీ?"

మీరు వెళ్లిన రోడ్డు పక్కనే ఉన్నాయి. చాలాసార్లు కిలోమీటరు దూరంలో.

నా మొదటి సవారీ కూడా ఇలాగే తగలబడింది. బర్గండీలో మాకాన్ నుంచి తూర్నూకు ముప్పై కిలోమీటర్లు. మ్యాపులో గీత తిన్నగా ఉంది, నెంబరు డి906. జాతీయ రహదారి కాదు కదా అని ధైర్యంగా ఎక్కాను. ఆ తర్వాత రెండు గంటలూ లారీల గాలికి ఊగుతూ, చెవులు గింగురుమంటూ, పళ్లు బిగించి తొక్కాను. తూర్నూలో కాఫీ తాగుతుంటే పక్క బల్ల పెద్దాయన నా సైకిల్ వంక, నా ముఖం వంక చూసి, "నది వెంబడి రాలేదా?" అన్నాడు. డి906 పాత జాతీయ రహదారి ఎన్6 అని ఆ రోజే తెలిసింది. సోన్ నది గట్టు మీదుగా సైకిల్ దారి ఉన్న సంగతీ అప్పుడే తెలిసింది.

ఫ్రాన్స్‌లో దాదాపు 35 వేల కొమ్యూన్లు ఉన్నాయి. కొమ్యూన్ అంటే మన గ్రామ పంచాయతీ అనుకోండి. ప్రతి కొమ్యూన్ తన శివారు పల్లెలకు, పొలాల్లోని ఇళ్లకు తారు రోడ్డు వేసి కాపాడుకుంటుంది. దేశం మొత్తం రోడ్ల పొడవు పది లక్షల కిలోమీటర్లు దాటుతుంది. బండ్లన్నీ అందులో కొద్ది భాగం మీదే కిక్కిరుస్తాయి, మిగతాది పడి ఉంటుంది. ఆ మిగతా దాన్ని ఏరుకోవడమే మన పని.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

• 28 నుంచి 32 మిల్లీమీటర్ల టైర్లున్న సైకిల్. అంతకన్నా సన్నవి పల్లె తారు మీద వెన్ను విరుస్తాయి. తేలిక గేర్లు తప్పనిసరి. ఖాళీ రోడ్డు అంటే సాధారణంగా ఎత్తుపల్లాల రోడ్డే.
• రెండు ట్యూబులు, ప్యాచీలు, చేతి పంపు, చైను ముక్క కలిపే లింకు. పల్లెల్లో సైకిల్ షాపు ఉండదు. మన దగ్గరలా నాలుగు రోడ్ల కూడలిలో పంక్చర్ వేసే మనిషీ ఉండడు.
• ముందూ వెనకా లైట్లు, గంట. చట్టం అడుగుతుంది. ఊరి బయట చీకట్లో, మంచులో మెరిసే జాకెట్ కూడా తప్పనిసరి. పన్నెండేళ్లలోపు పిల్లలకు హెల్మెట్ తప్పనిసరి. పెద్దలకు చట్టం చెప్పకపోయినా పెట్టుకోండి.
• మిచెలిన్ కాగితపు మ్యాపు, మీరు వెళ్లే ప్రాంతానిది. ఫోను ఉండగా కాగితం ఎందుకంటారా? మూడో మెట్టులో చెబుతాను.
• రెండు సీసాల నీళ్లు, కొంత చిల్లర, తినడానికి ఏదో ఒకటి ఎప్పుడూ సంచిలో.

1. ప్రాంతం ఎంచుకోండి

పారిస్ చుట్టుపక్కల, మధ్యధరా తీరం, రోన్ నది లోయ: ఈ మూడూ మొదటిసారికి వద్దు. ఈశాన్యాన మ్యూజ్ నుంచి నైరుతిన లాండ్ దాకా ఏటవాలుగా ఒక పట్టీ గీయండి. జనం పలచగా ఉండే ప్రాంతం కాబట్టి ఫ్రెంచివాళ్లు దాన్ని శూన్య కర్ణం అని కొంచెం వెటకారంగా అంటారు. మనకు అదే వరం. నియేవ్ర్, క్రూజ్, కాంతాల్, లో, జెర్స్ జిల్లాలు ఆ పట్టీలోవో, దాని అంచున ఉన్నవో. లోజేర్ జిల్లా మొత్తం జనాభా ఎనభై వేలు కూడా లేదు. మన మండలాల్లో కొన్నింటికి అంతకన్నా ఎక్కువ మంది ఉంటారు.

ఎత్తులు ఎక్కలేమంటే: పారిస్‌కు దక్షిణాన సొలోన్య అడవులు, నైరుతిన లాండ్ సరుగుడు లాంటి పైన్ తోటలు, లువార్ నది ఒడ్డు. ఇవన్నీ చదును. బోస్ మైదానమూ చదునే కానీ అక్కడ గోధుమ చేల మీద గాలికి అడ్డు ఏదీ లేదు. ఎదురుగాలిలో అరవై కిలోమీటర్లు తొక్కడం కంటే కొండ ఎక్కడమే నయమని నా అభిప్రాయం. కొండ ఎక్కితే కనీసం దిగుడు వస్తుంది.

జాగ్రత్త: అందానికి పేరుపడ్డ లోయలు, ఆర్దేష్, వెర్దోన్ లాంటివి, జూలై ఆగస్టుల్లో కార్లతో, మోటారు సైకిళ్లతో నిండిపోతాయి. ఆల్ప్స్ కనుమలు కూడా వేసవి వారాంతాల్లో అంతే. అక్కడికి వెళ్లాలంటే మే, జూన్, సెప్టెంబర్ పెట్టుకోండి.

2. రోడ్డు జాతకం దాని నెంబరులో చదవండి

"ఏ" అంటే ఆటోరూట్, మన ఎక్స్‌ప్రెస్‌వే లాంటిది, సైకిల్‌కు నిషేధం. "ఎన్" జాతీయ రహదారి. అనుమతి ఉన్న చోట కూడా దూరంగా ఉండండి. నీలి చతురస్రంలో తెల్ల కారు బొమ్మ ఉన్న బోర్డు కనిపిస్తే ఆ రోడ్డు మోటారు బండ్లకు మాత్రమే. "డి" జిల్లా రోడ్డు. "సి" లేదా "వీసీ" అని ఉంటే అది కొమ్యూన్ సొంత రోడ్డు, బంగారం.

అందరూ బోర్లా పడేది "డి" దగ్గరే. 2006లో ప్రభుత్వం వేల కిలోమీటర్ల జాతీయ రహదారులను జిల్లాలకు అప్పగించింది. బోర్డు మీద అక్షరం మారింది, లారీలు మారలేదు. పాత నెంబరుకు ముందు ఏదో ఒక అంకె తగిలించారు: ఎన్6 బర్గండీలో డి906 అయింది, సవ్వాలో డి1006 అయింది, ఎన్20 ఒక జిల్లాలో డి820, ఇంకో జిల్లాలో డి2020. కాబట్టి డి6, డి8, డి9, డి10, డి20లతో మొదలయ్యే పెద్ద నెంబరు కనిపిస్తే చివరి అంకెలను విడిగా చదవండి. అది ఒకప్పటి పేరున్న జాతీయ రహదారి నెంబరైతే పక్కకు తప్పుకోండి. ఇలాంటి పాత రహదారులు టోలు ఆటోరూట్లకు సమాంతరంగా పోతుంటే ఇంకా ప్రమాదం. టోలు తప్పించుకునే బండ్లన్నీ వాటి మీదే ఉంటాయి.

ఒకటి రెండు అంకెల డి రోడ్లు సాధారణంగా జిల్లాలో ముఖ్యమైనవి. మూడంకెలవి, ముఖ్యంగా చివర అక్షరం తగిలించి ఉన్నవి, ఎక్కువగా ప్రశాంతం. ఇది తొలి వడపోత మాత్రమే. రెండంకెల రోడ్డు నిద్రపోతూ ఉండడం, మూడంకెల రోడ్డు సున్నపురాయి గనికి దారి కావడం రెండూ చూశాను.

3. కాగితం మ్యాపు పరచండి

మిచెలిన్ మ్యాపులో ఎర్ర రోడ్డు పెద్దది, పసుపు రోడ్డు మధ్యరకం, తెల్ల రోడ్డు చిన్నది. మీ ప్రయాణం తెల్ల రోడ్ల మీద సాగాలి. పసుపును దాటడానికి, తప్పనిసరైతే రెండు మూడు కిలోమీటర్లకు వాడుకోవాలి. ఫోను తెరలో ఈ రంగుల పొందిక ఒక్కసారిగా కనిపించదు. పెద్ద చేసి చూస్తే రోడ్డు కనిపిస్తుంది, చుట్టుపక్కల పోతుంది. చిన్నది చేస్తే తెల్ల రోడ్లు మాయమవుతాయి. బల్ల మీద కాగితం పరిస్తే ఎర్ర గీతల మధ్య తెల్ల వల ఎక్కడ దట్టంగా ఉందో చూపుకే తెలుస్తుంది. అక్కడికే వెళ్లాలి.

రోడ్డు మీద బాణం ముక్కలు ఏటవాలుకు గుర్తు. ఒక ముక్క ఉంటే 5 నుంచి 9 శాతం, రెండుంటే 9 నుంచి 13, మూడుంటే 13కు పైన. మూడు ముక్కలంటే, సామానుతో ఉన్నవాళ్లు దిగి నెట్టాల్సిందే.

రోడ్డు అంచున ఆకుపచ్చ గీత ఉంటే దృశ్యం బాగుంటుందని అర్థం. చాలామంది దాన్ని చూసి ప్రశాంతమైన రోడ్డు అనుకుంటారు. ఆ గీతను కార్లవాళ్లూ చూస్తారని మరచిపోవద్దు.

ఇంకో చిట్కా, నాకు బాగా పనికొచ్చింది. లోయలో నది ఉంటే పెద్ద రోడ్డు ఒక ఒడ్డునే పోతుంది. రెండో ఒడ్డున దాదాపు ఎప్పుడూ ఒక చిన్న రోడ్డు ఉంటుంది, నాలుగు మలుపులు ఎక్కువ, రెండు ఎక్కుళ్లు ఎక్కువ. అది మీది.

4. ఫోనులో దారి గీయండి, ఆపైన ఆ దారిని అనుమానించండి

కొమూట్, బ్రౌటర్ లాంటి ఏ దారిచూపే యాప్ అయినా సరే. మొదలు, చివర ఇచ్చి వదిలేయవద్దు. మ్యాపులో మీరు ఎంచుకున్న పల్లెల పేర్లను నడుమ మజిలీలుగా ఇచ్చి, వాటి గుండానే పోయేలా బలవంతం చేయండి. తర్వాత రెండు తనిఖీలు.

మొదటిది, తారు ఉందా? యాప్‌లు దగ్గర దారి అంటూ పొలం బాటలోకి దింపేస్తాయి. "సీఆర్" అని ఉన్నవి, అంటే గ్రామీణ బాటలు, చాలావరకు మట్టివో కంకరవో. ఉపరితలం ఏమిటో యాప్ చూపిస్తే చూడండి. లేకపోతే ఉపగ్రహ చిత్రంలో రోడ్డు రంగు చూడండి. తారు బూడిదరంగు, మట్టి గోధుమ.

రెండోది, బండ్లు ఎన్ని? గూగుల్ వీధి చిత్రాల్లో ఆ రోడ్డు మీద మూడు నాలుగు చోట్ల దిగి చూడండి. మధ్యలో తెల్ల గీత ఉంటే బండ్లు తిరిగే రోడ్డు. గీత లేకపోతే మంచిది. రోడ్డు నడిమధ్యన గడ్డి మొలిచి ఉంటే ఇంకేమీ ఆలోచించవద్దు, దాన్నే పట్టుకోండి. వీధి చిత్రాల కారు కూడా వెళ్లని రోడ్డయితే, తారు ఉందని తేలితే, అంతకన్నా కావలసింది లేదు.

అంకెలు ఇష్టపడేవారికి మరో దారి ఉంది. చాలా జిల్లాలు ఏ రోడ్డు మీద రోజుకు సగటున ఎన్ని వాహనాలు పోతున్నాయో లెక్కించి మ్యాపులు విడుదల చేస్తాయి. నా కొలత ఇది: రోజుకు 500 లోపు హాయి, 1000 వరకు ఫర్వాలేదు, 3000 దాటితే ఇంకో దారి చూసుకోండి. 500 అంటే పగటి పద్నాలుగు గంటలకు సర్దితే గంటకు 35. అందులో సగం ఎదురుగా వచ్చేవి. మీరూ ముందుకు కదులుతుంటారు కాబట్టి, వెనక నుంచి మిమ్మల్ని దాటేవి నాలుగైదు నిమిషాలకు ఒకటి. 3000 అయితే నిమిషానికి ఒకటి కంటే ఎక్కువ, అంటే మాట్లాడుకోవడం కుదరదు, పిట్ట కూత వినిపించదు.

5. గంట చూసి బయలుదేరండి

ఈ మెట్టును తేలిగ్గా తీసుకున్నవాళ్లే ఎక్కువ. ఒకే రోడ్డు ఉదయం ఎనిమిదిన్నరకు ఒక మనిషి, మధ్యాహ్నం పన్నెండున్నరకు ఇంకో మనిషి.

ఉదయం ఏడున్నర నుంచి తొమ్మిది వరకు, సాయంత్రం అయిదు నుంచి ఆరున్నర వరకు జనం పట్నానికి పోయేవాళ్లు, తిరిగొచ్చేవాళ్లు. ఆలస్యమైన మనిషి పల్లె సందులో కూడా వేగంగానే నడుపుతాడు. పట్టణానికి పదిహేను ఇరవై కిలోమీటర్ల లోపల ఈ గంటల్లో తొక్కవద్దు. రైలులో పట్టణం దాటేసి అక్కడ మొదలుపెట్టడం ఉత్తమం.

పన్నెండు నుంచి రెండు వరకు ఫ్రాన్స్ భోజనానికి కూర్చుంటుంది. ట్రాక్టర్ పొలంలోనే ఆగిపోతుంది, డెలివరీ వ్యాన్ హోటలు ముందు ఆగిపోతుంది, దుకాణం తలుపుకు తాళం పడుతుంది. రోడ్డు మొత్తం మీ చేతికి వస్తుంది. మీరు కూడా అప్పుడే భోజనానికి కూర్చుంటే దినంలో ఉత్తమమైన రెండు గంటలను బల్ల దగ్గర పోగొట్టుకున్నట్టే. నేనేం చేస్తానంటే, పదకొండున్నరకల్లా బేకరీలో రొట్టె, కూరగాయల దుకాణంలో పళ్లు కొని సంచిలో వేసుకుంటాను, రెండింటికి ఏ చెట్టు కిందో తింటాను. నిజమే, అప్పటికి హోటలు వంటింటి పొయ్యి చల్లారిపోతుంది; ఒంటిగంటన్నర దాటాక పల్లె హోటలులో వేడి అన్నం, వేడి కూర ఆశించవద్దు. రెండూ కావాలంటే ఒక రోజు తొక్కండి, ఒక రోజు తినండి.

ఎండ తీవ్రంగా ఉండే జూలై, ఆగస్టుల్లో ఈ సలహా మార్చుకోవాలి. దక్షిణాదిలో పన్నెండింటికి 35 డిగ్రీలు ఉంటే తెల్లవారుజామున ఆరింటికే బయలుదేరి, పదకొండుకు ముగించండి. ఇది మనవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

వారంలో ఆదివారం ఉదయం రాజు. శనివారం రాత్రి పది నుంచి ఆదివారం రాత్రి పది వరకు ఏడున్నర టన్నులు దాటిన లారీలు రోడ్డెక్కకూడదు. కొన్ని మినహాయింపులు తప్ప దేశమంతా ఇదే నియమం. ఆదివారం మధ్యాహ్నం మాత్రం మోటారు సైకిళ్ల బృందాలు కొండ రోడ్ల మీద గర్జిస్తాయి.

వేసవి సెలవుల్లో ప్రభుత్వపు బిసోన్ ఫ్యుతే రోడ్ల రద్దీ సమాచారం చూడండి. రోజులకు ఆకుపచ్చ, నారింజ, ఎరుపు, నలుపు రంగులు వేస్తుంది. నలుపు శనివారం నాడు ఆటోరూట్ల మీద బండ్లు ఆగిపోతే, ఫోన్లలోని దారిచూపే యాప్‌లు వాటిని మీ తెల్ల రోడ్ల మీదకే మళ్లిస్తాయి.

6. తిండి, నీళ్ల లెక్క వేసుకోండి

చిన్న పల్లెల్లో బేకరీ ఉండకపోవచ్చు. ఉన్నా వారంలో ఒక రోజు మూత, ఎక్కువగా సోమవారం. ఆదివారం మధ్యాహ్నానికి దాదాపు అన్నీ మూత. కొన్ని ఊళ్లలో పంచాయతీ కార్యాలయం పక్కనే రొట్టె యంత్రం ఉంటుంది, చిల్లర వేస్తే పొడవాటి రొట్టె దిగుతుంది. అందుకే చిల్లర తెచ్చుకోమన్నది.

నీళ్లకు శ్మశానం వెతకండి. నవ్వకండి, అక్కడి సైకిల్ జనమంతా చేసేది ఇదే. ప్రతి ఊరికీ శ్మశానం ఉంటుంది, సమాధుల మీద పూలకు నీళ్లు పోయడానికి గేటు దగ్గర కుళాయి ఉంటుంది, చాలా చోట్ల మంచినీళ్లే. "నోన్ పొతాబ్ల్" అని రాసి ఉంటే మాత్రం తాగవద్దు. చలికాలంలో పైపులు గడ్డకట్టకుండా కుళాయిలు కట్టేస్తారు. మొదట్లో నాకూ మనసొప్పలేదు. మూడో రోజు ఎండలో ఒప్పింది.

మాంసం తినని వారికి ఒక ముఖ్యమైన హెచ్చరిక. కూరగాయల ‘పై’ (pie), గుడ్డు ‘పై’, సలాడ్ అని ఉన్నా లార్దోన్ అనే పంది మాంసపు ముక్కలు అందులో ఉండొచ్చు. "సాఁ వియాండ్, సాఁ లార్దోన్" అని రెండూ చెప్పండి, అంటే మాంసం వద్దు, ఆ ముక్కలూ వద్దు అని. ఒక్క మొదటి మాట చెబితే చాలనుకున్నాను ఒకసారి. వడ్డించిన ఆవిడకు పంది ముక్కలు మాంసం కిందికే రాలేదు.

7. రోడ్డు మీద

బండ్లు కుడివైపు నడుస్తాయి. గుండ్రటి కూడళ్లలో ఎడమ నుంచి వచ్చేవారికి దారి ఇవ్వాలి. ఇవి మొదటి గంటలో అలవాటవుతాయి. అలవాటు కానిది కుడివైపు ప్రాధాన్యం. ఏ గుర్తూ లేని కూడలిలో కుడి సందు నుంచి వచ్చే బండిదే హక్కు, మీరు ఊరి ముఖ్య వీధిలో పోతున్నా సరే. ఊళ్లో పెద్దవాళ్లు ఈ హక్కును తాతల నాటి ఆస్తిలా వాడుకుంటారు. ఎడమకు కూడా చూడకుండా వచ్చేస్తారు. తెల్ల అంచున్న పసుపు వజ్రం బోర్డు కనిపిస్తే ప్రాధాన్యం మీదే. ఎర్ర త్రిభుజంలో నల్ల ఇంటూ గుర్తు ఉంటే రాబోయే కూడలిలో కుడివారిది.

రోడ్డు అంచుకు అతుక్కోకండి. మీటరు లోపలికి తొక్కండి. ఊరి బయట మిమ్మల్ని దాటే బండి ఒకటిన్నర మీటరు, ఊళ్లో ఒక మీటరు ఎడం ఇవ్వాలని చట్టం. అందుకోసం తెల్ల గీత దాటే వెసులుబాటు కూడా వాళ్లకుంది. వెనక ఆగిన కారును చూసి, మొహమాటంతో గుడ్డి మలుపులో "వెళ్లండి" అని చెయ్యి ఊపకండి. పగటిపూట ఇద్దరు పక్కపక్కన తొక్కవచ్చు. వెనక బండి వస్తే ఒకరి వెనక ఒకరు రావాలి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే 135 యూరోల జరిమానా. అంత దూరం ప్రశాంతత కోసం వచ్చి పాటలు పెట్టుకోవడం ఏమిటో నాకైతే అర్థం కాదు.

"గ్రావియోన్" అని పసుపు బోర్డు కనిపిస్తే వెంటనే వేగం తగ్గించండి. వేసవిలో పల్లె రోడ్లకు తారు చల్లి పైన చిన్న కంకర పోసి వదిలేస్తారు, బండ్లే దాన్ని నొక్కుతాయి. బండ్లు తిరగని రోడ్డు మీద ఎన్ని వారాలైనా అది వదులుగానే ఉంటుంది. దిగుడు మలుపులో అది తగిలితే టైరు జారుతుంది. నా ఎడమ మోచేతి మీద ఉన్న మచ్చ దానిదే. శరత్కాలంలో ఉత్తరాది మైదానాల్లో బీట్‌రూట్ కోత వేళ ట్రాక్టర్లు రాల్చే బురద కూడా అంతే.

పొలం కుక్క వెంటపడితే దిగండి, సైకిల్‌ను మీకూ దానికీ మధ్య అడ్డం పెట్టి నడవండి. మన ఊళ్లలోలా రాయి తీస్తున్నట్టు వంగడం వద్దు. ముఖ్యంగా పర్వత ప్రాంతాల్లో గొర్రెల మందకు కాపలా ఉండే పెద్ద తెల్ల కుక్కల దగ్గర. వాటిని బెదిరిస్తే మీరు దొంగ అని ఖాయం చేసుకుంటాయి. మందను చుట్టుకుని దూరంగా పొండి.

సెప్టెంబర్ నుంచి ఫిబ్రవరి చివరి వరకు వేట కాలం. అడవి అంచున వేట జరుగుతోందని బోర్డు ఉంటే ముదురు రంగు బట్టలు తీసేసి మెరిసేవి వేసుకోండి.

ఊరి పేరు బోర్డు తలకిందులుగా ఉంటే మీ కళ్లు తిరుగుతున్నాయని అనుకోకండి. 2023 చివర్లో తార్న్ జిల్లా యువ రైతులు నిరసనగా బోర్డులు తిప్పేయడం మొదలుపెట్టారు, దేశమంతా పాకింది. ఒకరిద్దరు తిరిగి తిప్పడం మరచిపోయారేమో, అప్పుడప్పుడూ కనిపిస్తాయి.

ఆపద వస్తే 112.

8. మొదటి రోజుకు ఒక దారి

నాకు పరువు పోయిన చోటే మీకు మొదటి పాఠం ఇస్తాను. లియాన్–దిజోన్ మార్గంలో ప్రాంతీయ రైలు ఎక్కి మాకాన్‌లో దిగండి. ప్రాంతీయ రైళ్లలో సైకిల్‌కు చోటుంటుంది, అయితే కొక్కేలు కొన్నే. రద్దీ వేళ వద్దు, వేసవిలో ముందుగా సైకిల్ టికెట్ కావాలేమో చూసుకోండి.

మాకాన్ శివారులోని షర్నే నుంచి క్లూనీకి పచ్చదారి ఉంది. "వ్వా వెర్త్" అంటారు. పాత రైలు పట్టాలు తీసేసి తారు వేసిన, మోటారు బండ్లు రాని దారి. 1997లో క్లూనీ–జివ్రీ మధ్య తెరిచినది ఫ్రాన్స్‌లో మొదటిది. దానికి కొనసాగింపే ఇది. అదే లోయలో ఎన్79 మీద లారీలు బారులు తీరి పోతుంటాయి, మీరు ద్రాక్ష తోటల మధ్య పోతుంటారు. క్లూనీకి ముందు బ్వా క్లేర్ సొరంగం, 1.6 కిలోమీటర్లు. వేసవిలోనూ లోపల చలి, జాకెట్ తొడుక్కోండి. చలికాలంలో గబ్బిలాల కోసం మూసేస్తారు, అప్పుడు పైనుంచి కనుమ ఎక్కాలి.

910లో పుట్టిన క్లూనీ మఠం దగ్గర రొట్టె కొనుక్కోండి. అక్కడి నుంచి పచ్చదారి మీదే తేజే పక్కగా కోర్మతాన్ వరకు. ఇక్కడ పచ్చదారి వదిలి తూర్పుకు తిరగండి: షాపేజ్, అక్కడి పదకొండో శతాబ్దపు రాతి చర్చి, తర్వాత బ్రాన్సియాన్ కొండ. డి14 రెండంకెల రోడ్డే అయినా పన్నెండు నుంచి రెండు మధ్య పడితే సాధువు. ఎక్కుడు ముగిశాక తూర్నూ వరకు ఎక్కువగా దిగుడే. తూర్నూలో రైలు ఎక్కి వెనక్కి రావచ్చు, ఓపిక ఉంటే సోన్ ఒడ్డున నీలి దారి అనే సైకిల్ బాట మీద మాకాన్ చేరవచ్చు. డి906 ఎక్కవద్దు.

పిల్లలతో అయితే కోర్మతాన్ నుంచే వెనక్కి తిరగండి. పచ్చదారి మీద ఆదివారం స్కేట్లవాళ్లు, కుక్కలవాళ్లు, మూడు చక్రాల చంటిపిల్లలు ఉంటారు, వేగం పనికిరాదు. ఖాళీ కోరుకునేవారికి పచ్చదారి కంటే చిన్న డి రోడ్డే మేలని కూడా నా అనుభవం.

తరచూ జరిగే పొరపాట్లు

రోజుకు మరీ ఎక్కువ దూరం పెట్టుకోవడం. మన చదునైన రోడ్ల మీద వంద తొక్కేవారు ఇక్కడ సామానుతో అరవై పెట్టుకోవాలి. సాయంత్రం అయిదున్నరకు ఇంకా ఇరవై మిగిలితే దగ్గర దారి అంటూ పెద్ద రోడ్డే ఎక్కుతారు. రోజంతా చేసిన జాగ్రత్త ఆ గంటలో పోతుంది.

"రూత్ బారే" అనే బోర్డు, అంటే రోడ్డు మూత, చూసి భయపడి మళ్లింపు దారి పట్టడం. మళ్లింపు కార్ల కోసం వేసినది, అందరినీ పెద్ద రోడ్డు మీదకు తీసుకుపోతుంది. ఎదురుగా ఎవరైనా వస్తే అడగండి. చాలాసార్లు కాలినడకన దాటే వీలుంటుంది; వంతెనే లేకపోతే మాత్రం వీలుండదు.

మొత్తం దారిని ఒకే యాప్‌కు అప్పగించి, బ్యాటరీ అయిపోయాక పల్లె మధ్యలో నిలబడడం. ఊళ్ల పేర్లు వరుసగా ఒక చీటీ మీద రాసి జేబులో పెట్టుకోండి. ఆ పేర్లు చూపించి ఎవరినైనా అడగవచ్చు. అడిగే ముందు "బోన్‌జూర్" అనండి. అది లేకుండా అడిగిన ప్రశ్నకు అక్కడ జవాబు రాదు.

సరైన రోడ్డే పట్టుకున్నారా? ఇలా చూసుకోండి

గడియారం చూసి పదిహేను నిమిషాలు లెక్కపెట్టండి. వెనక నుంచి మిమ్మల్ని దాటిన బండ్లు నాలుగు లోపు ఉంటే అదే రోడ్డు మీద సాగండి. నాలుగు నుంచి పది మధ్య ఉంటే తర్వాతి ఊళ్లో మ్యాపు తీయండి. పది దాటితే ఇక ముందు కనిపించే మొదటి తెల్ల రోడ్డులోకి తిరగండి, నాలుగు కిలోమీటర్లు ఎక్కువైనా సరే.

లెక్క అక్కర్లేని గుర్తులూ ఉన్నాయి. ఎదురొచ్చిన డ్రైవరు చెయ్యెత్తి పలకరిస్తే మంచి రోడ్డు. పిల్లి రోడ్డు మధ్యలో పడుకుని మిమ్మల్ని చూసి కూడా లేవకపోతే ఇంకా మంచి రోడ్డు. రాత్రికి బసలో కాగితం మ్యాపు తీసి, తొక్కిన తెల్ల రోడ్లను పెన్సిలుతో దిద్దండి, బాగా లేని దాని మీద అడ్డగీత కొట్టండి. నా మ్యాపులో మాకాన్–తూర్నూ మధ్య ఆ అడ్డగీత కాగితం చిరిగేంత గట్టిగా ఉంటుంది.